భోక్త రాని తద్దినం
హోమనాథ్‌కి చర్చివాళ్ళు కారిచ్చారట, పాతదే అయినా కారు, దాంతోపాటు ఫ్రిజ్జు, పైగా డ్రైవింగ్ నేర్పడానికో మనిషి, జంధ్యం ఖరీదు అంతేనన్నమాట, అనుకున్నాడు శ్రీనివాసమూర్తి, ఫ్రీజర్లోంచి తీసిన అరిటాకు తుడుస్తూ, అది చేతిలో చిరిగితే దానిమీదా మండిపడుతూ, ఇవాళ భార్య వేదవతి తద్దినం, నాలుగోది, పోయినవాళ్ళ బదులు కూర్చుని తినే భోక్త ఈ న్యూజిలాండ్ ఊళ్ళో, క్రైస్ట్‌చర్చ్‌లో, మనవాళ్ళలో ఒక్కడూ దొరకడు, అంకుల్, ఆ రోజు మీటింగుంది అంటారు ఐటీ కుర్రాళ్ళు, తద్దినం భోజనమంటే భయమని చెప్పరు, అందుకే మూడేళ్ళూ హోమనాథ్ వచ్చాడు, భూటాన్‌లోంచి తరిమేస్తే నేపాల్ శరణార్థి శిబిరంలో పద్దెనిమిదేళ్ళుండి ఇక్కడ తేలిన నేపాలీ బ్రాహ్మడు, రెండు బస్సులు మారి వచ్చి, తలొంచుకుని తిని, ధోవతీ యాభై డాలర్ల కవరూ పుచ్చుకుని వెళ్ళేవాడు, ఈస్టరుకి నెత్తిన చర్చి నీళ్ళు పోయించుకున్నాడని మొన్న రిక్కార్టన్ పేటలో ఇండియన్ షాపులో తెలిసింది, ఎవరి బతుకు వాళ్ళిష్టం నాన్నా అంది నిహారిక గారెలు వేయిస్తూ, తల్లి తద్దినానికి సెలవు పెట్టిన కూతురు, ఇష్టమేనమ్మా, ఆకలిగా ఉన్నవాడికి ఫ్రిజ్జు చూపిస్తే ఇష్టం దానంతటదే పుడుతుంది, ఇక్కడ పిండం పెడితే కాకి రాదు, సీగల్ వచ్చి ఎత్తుకుపోతుంది, మంత్రం ఆక్లాండ్ నుంచి ఫోన్లో వినిపిస్తుంది, ఎదురుగా కూర్చుని తినే మనిషొక్కడే నిజం, అతను చెయ్యి కడుక్కుంటేనే ఆవిడ కడుపు నిండినట్టుండేది, ఆ ఒక్కణ్ణీ కొనేసుకున్నారు.

వాకిట్లో కారాగింది, హోమనాథే, చెప్పులు బయటే విప్పాడు, లోపలికి మాత్రం రాలేదు, వచ్చీరాని హిందీలో, భోక్తగా కూర్చోలేను మూర్తిజీ, ఫోన్లో చెప్పడం మర్యాద కాదని వచ్చాను అన్నాడు, ఎంతిచ్చారు, అని అడిగేశాడు మూర్తి, వెనక నిహారిక నాన్నా అంటున్నా ఆగలేదు, హోమనాథ్‌కి కోపం రాలేదు, కారిచ్చారు, ఫ్రిజ్జిచ్చారు, అబద్ధమెందుకు, నా భార్య శిబిరంలో పోయింది, మొదటిరోజే ఆమె పేరడిగారు, పోయిన తిథినాడు ఆ పేరు చదివి కొవ్వొత్తి వెలిగించారు, అన్నాడు, నమస్కారం పెట్టాడు, వెళ్ళిపోయాడు.

గాలం ఎక్కడ వెయ్యాలో తెలిసినవాళ్ళు, ఏడుపున్నచోటే వేస్తారు, అనుకుంటూ మూర్తి ఆకు ముందు చతికిలబడ్డాడు, గారెలు చల్లారుతున్నాయి, జేబులో కవరు తగిలింది, ఈ ఏడాదికి సిద్ధంచేసిందే, మూడేళ్ళు అతను తింటుంటే తృప్తయిందా అని అడిగాడు, తృప్తయింది అనిపించుకున్నాడు, కవరు చేతిలో పెట్టి బస్సు టైమయిందన్నాడు, వేదవతి నక్షత్రం, గోత్రం, ఆవిడకి వంకాయ ఇష్టమనీ హోమనాథ్‌కి తెలుసు, శిబిరంలో పోయినావిడ పేరు, ఏదో ఉండాలి కదా, గుర్తు తెచ్చుకోబోయాడు, ఎంతకీ రాలేదు, మరిచిపోయి కాదు, తనెప్పుడూ అడగలేదు.