కుట్టు తప్పిన పుస్తకములు

వైశాఖభానుచండకిరణసంతప్తములై పూర్వాహ్ణముననే వీథులు నిర్జనములు గాగా, వాకిళ్ళకు దడిపి కట్టిన వట్టివేళ్ళ తడికలు గడియలోన నెండి పెళపెళలాడుచుండగా, గౌతమీతీరమందలి యొక పట్టణపు శాఖాగ్రంథాలయమున పదునైదేండ్ల వకుళ కూర్చుండుటయు లేచుటయు గుమ్మము కడకు బోయి వచ్చుటయుగా నుండెను.

తండ్రికి బదిలీయై యా యూరు చేరి నాలుగు మాసములైనను ఆమెకు తోడు దొరకలేదు. ఇంట నేది యడిగినను "పరీక్షలో వస్తుందా అది?" యనునదియే ప్రత్యుత్తరము. కావున దన ప్రశ్నలన్నిటిని బుస్తకములకే నివేదించుచుండెను. గతవారము గొనిపోయిన ఖగోళగ్రంథమున నక్షత్రము నశించిన పిదప దాని వెలుగేమగునను ప్రశ్నతో నెనుబదవ పుట ముగిసెను. మఱుపుట దిప్పగా చెదపురుగుల కథ. జిల్దు గట్టువాడు రెండు పాతపుస్తకముల నడుములు విప్పి యొకదాని పూర్వార్ధమునకు వేఱొకదాని యుత్తరార్ధమును గుట్టివైచెను. కోపముతోనే యామె చెదలనెల్ల జదివెను గాని సందెవేళ చుక్క పొడిచినంతనే ఆ ప్రశ్న మనసు దొలుచుచుండెను.

"మిగతా సగాలు కుట్టిన రెండోది ఎవరో పట్టుకెళ్లారమ్మా, గడువు ఇవాళే" యని గ్రంథపాలకురాలు తాయారుగారు చిట్టా జూచి చెప్పిరి. "గుమ్మం అరగదీయకు, కూర్చో."

మఱునాటినుండి తనిఖీకై పక్షము దినములు గ్రంథాలయము మూతవడును. వేసవి యొంటిపూట గావున పదునొకండు గంటలకు దాళము వేయుట నియమము. పది నిమిషములు మాత్రమే మిగిలియుండగా తన యీడు బాలిక యొకతె చెమటలు గ్రక్కుచు సైకిలు దిగి వచ్చెను, పేరు సువార్త.

"ఏంటండీ ఈ పుస్తకం? రాణి చచ్చిపోతే చెదలపుట్ట ఏమవుతుందో చెప్తాడనుకుంటే చుక్కలు తగిలించాడు. వారం నుంచి పిచ్చెక్కుతోంది."

వకుళ చివాలున లేచి యామె కడకు బోయెను. "పిల్లల్లోంచే ఒకటి ఎదిగి రాణి అవుతుంది. మరి చుక్క పోతే దాని వెలుగో?"

"బయల్దేరిన వెలుగు బయల్దేరినట్టే. చుక్క పోయాక కూడా ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. ఇది తెలీకుండా వారం ఎలా పడుకున్నావే?"

"పడుకోలేదు."

తాయారుగారు చేయి సాచిరి. "ఇటివ్వండి. విప్పించి సరిగ్గా కుట్టిస్తాను."

బాలికలిద్దఱును పుస్తకములను గుండెల కదుముకొనిరి. "వద్దండి, అలాగే ఉండనీయండి."

పదునొకండు గంటలు దాటెను. తాళపుచెవి తాయారుగారి చేతనే యుండెను. ఆ పుస్తకములు నేటికిని అరలో ప్రక్కప్రక్కనే యున్నవి. వాని లోపలి యట్టలపై నెఱ్ఱసిరాతో నామె వ్రాసిన నిబంధన యొకటి గలదు: ఇద్దరు కలిసి వచ్చిననే ఇయ్యబడును.