తల్లి పేరు రాయాల్సిన చోట

తప్పు నాదే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను వెనకేసుకురావద్దు.

ఏటా జూలైలో కొరియా నుంచి పదిమంది విశ్వాసులు మా హాస్టలు బడికి వస్తారు. పిల్లలచేత పాటలు పాడిస్తారు, బుడగలు ఊదిస్తారు, జుట్టు కత్తిరిస్తారు, పళ్లు చూస్తారు. వాళ్ల మాట పిల్లలకీ పిల్లల మాట వాళ్లకీ చెప్పడం, మధ్యలో అరవైమందికి వండి పెట్టడం నా పని. బాప్తిస్మం తీసుకుని పదిహేనేళ్లయినా, అంతా ముస్లింలే ఉండే మా ఊరు కొచ్కోర్‌లో నేనింకా బాప్టిస్టు బూరుల్కన్‌నే. ఎవరేమన్నా ఆ పదిరోజులూ నాకు పండగ. ఈ ఏడు మాత్రం నరకం చూశాను.

మంగళవారంనాడు, వాళ్లతో వచ్చిన డాక్టర్ నో మా బడిలో ఏడేళ్ల అక్‌మరాల్ గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. అందరితోనూ నవ్వుతూ ఉండే పెద్దావిడ. పిల్లని పక్కకి పంపి, నవ్వకుండా నాతో మాట్లాడింది. ఆ పిల్ల పెదాలు నీలంగా ఉంటే మేమంతా చలికే అనుకునేవాళ్లం. గుండెలో రంధ్రం ఉందట. ఇంకో చలికాలం గడవడం కష్టమట. వాళ్ల చర్చివాళ్లదే ఇంకో డాక్టర్ల బృందం రాజధాని బిష్కెక్‌లో ఆపరేషన్లు చేస్తోంది, ఆదివారం వెళ్లిపోతుంది. శనివారం ఒక్క చోటు మిగిలింది. దానికి పెద్దల సంతకం, జిల్లా ఆఫీసు ముద్ర కావాలి. శుక్రవారం పన్నెండింటికి ఆఫీసు మూసేస్తారు.

కాగితం నేనే నింపాను. మీ అమ్మ ఎక్కడుందని అడిగితే వసంతంలో చనిపోయిందని పిల్ల చెప్పింది. ఆ చావుకి నేనూ వెళ్లాను, నేనూ ఏడ్చాను. తండ్రి అంతకు ముందే పోయాడు. తల్లి పేరు రాయాల్సిన చోట 'మరణించింది' అని రాసేశాను.

చనిపోయింది నానమ్మ, అంతకు ముందు పోయింది తాత. మా దగ్గర తొలిచూలు బిడ్డని అత్తమామలకి ఇచ్చేస్తారు. అప్పటినుంచి నానమ్మే అమ్మ, కన్నదేమో అక్క. బిడ్డ ముందు వేరేమాట ఎవరూ ఎత్తరు. కొన్నేళ్లకి ఊరంతా అసలు సంగతే మరిచిపోతుంది. నేనూ మరిచిపోయాను.

జిల్లా ఆఫీసులో రఖాత్ మరిచిపోలేదు. నాతో చదువుకున్నదే. పుట్టుకల పుస్తకం తీసి, ఓ పేరు మీద వేలుపెట్టి నావైపు తిప్పింది. తల్లి పేరు సైకల్, పిల్ల అక్కా అని పిలిచే మనిషి. బతికే ఉంది.

"బతికున్నదాన్ని చంపేసి పిల్లని పరాయివాళ్ల చేతుల్లో పెడదామనుకున్నావా? మీ చర్చిలో నేర్పేది ఇదేనా?" అంది రఖాత్.

పొరపాటని ఎంత మొత్తుకున్నా వినలేదు. తల్లి తన ఎదురుగా నిలబడి సంతకం పెడితే సరే, లేకపోతే పోలీసులకి రాస్తానంది. కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. అది బుధవారం.

మూడేళ్ల కిందట మొగుడు లారీ బోల్తాపడి పోయాక సైకల్ ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఇంకో ఇంటికి కోడలిగా వెళ్లింది. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.  గొంతు తగ్గించి చెప్పింది. మొదటి పెళ్లిలో పిల్లలు లేరని ఆ ఇంట్లో చెప్పిందట. ఇప్పుడు ఐదో నెలట.

"ఇచ్చేసిన బిడ్డక్కా. ఇప్పుడు నాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే మోగలేదు. అన్నాల గదిలో కొరియావాళ్లంతా మోకాళ్ల మీద పడి ప్రార్థన చేస్తున్నారు. నాకు మోకాళ్లు వంచే ఓపిక లేదు. పొయ్యి దగ్గర నిలబడే దేవుడితో పోట్లాట పెట్టుకున్నాను. రాసింది నేను, శిక్ష నాకెయ్యి, పిల్లకెందుకని అడిగాను. జవాబు రాలేదు, పాలు మాత్రం పొంగిపోయాయి.

గురువారం పొద్దున్నే వాళ్ల వ్యానులో బయల్దేరాను. డాక్టర్ కూడా వస్తానంది. విదేశీ మనిషి దిగితే వీధంతా పోగవుతుందని వద్దన్నాను. సైకల్ అత్త నన్ను కూర్చోబెట్టి రొట్టె విరిచి, టీ పోసింది. టీ పోస్తున్నంతసేపూ వెనకాల సైకల్ గోడకి అంటుకుపోయి నన్నే చూస్తోంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాటతో ఆ ఇల్లు కూలిపోతుందని తెలిసి కూడా చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ పాపం దాచుకోను. చివరికి, సైకల్ చెల్లెలికి గుండె జబ్బనీ, ఆపరేషనుకి ఇంటివాళ్లెవరైనా ఉండాలనీ చెప్పాను.

అత్త కంగారుపడిపోయింది. "తల్లిలేని పిల్ల కదమ్మా, అక్కవి నువ్వు కాకపోతే ఎవరు చూస్తారు? లే, బయల్దేరు" అని కోడల్ని కసిరి, రొట్టెలూ వెన్నా మూటగట్టి ఇచ్చింది. దారంతా సైకల్ ఆ మూట విప్పలేదు.

శుక్రవారం పదకొండింటికి పిల్లతో సహా రఖాత్ ముందు నిలబడ్డాం. సైకల్ గుర్తింపు కార్డు మీద ఇంటిపేరు మారిపోయింది. పుస్తకంలో ఒకటి, కార్డులో ఇంకొకటి. రఖాత్ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ఈవిడ నువ్వెక్కణ్నుంచో పట్టుకొచ్చిన మనిషి కాదని నాకేంటి నమ్మకం, పిల్లనే అడుగుదాం అంది. అడగొద్దని బతిమాలాను. అప్పటికే అడిగేసింది.

"ఈవిడ ఎవరమ్మా?"

"మా అక్క," అంది అక్‌మరాల్ సంతోషంగా.

"మరి మీ అమ్మ?"

"చచ్చిపోయింది."

రఖాత్ కాగితాన్ని మళ్లీ సొరుగు వైపు లాక్కుంది. అది సొరుగులోకి వెళ్తే పిల్ల మట్టిలోకి వెళ్లినట్టే. గోడమీద గడియారం పదకొండున్నర చూపిస్తోంది. సైకల్ పిల్ల ముందు నేలమీద కూర్చుంది. రెండు చేతులూ పట్టుకుంది.

"నిన్ను కన్నది నేనేనే. అమ్మ నిన్ను పెంచింది. కన్నది నేను."

అక్‌మరాల్ చేతులు లాక్కుని నావైపు తిరిగింది. ఎవరి మాట అర్థం కాకపోయినా ఆ పిల్ల నావైపే చూస్తుంది, చెప్పేదాన్ని నేనే కదా. "అబద్ధం కదా పెద్దమ్మా?" అని అడిగింది. ఆ ఒక్కసారీ అబద్ధమని అనాలనిపించింది. నిజమేనమ్మా అన్నాను.

 పిల్ల సైకల్ వైపు తిరిగి అడిగింది, "మరి అమ్మని పాతిపెట్టాక నన్నెందుకు తీసుకుపోలేదు?"

 రఖాత్ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఇంకేమీ అడగలేదు. కాగితం ముందుకు తోసింది, సంతకం కాగానే ముద్ర కొట్టింది.

వ్యానులో పిల్ల డాక్టర్ పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆయాసం వచ్చి, పెదాలు మరీ నల్లబడ్డాయి. ఇంతకీ ఏం జరిగిందని డాక్టర్ నన్ను అడిగింది. నాకు తెలిసిన కొరియా మాటలేవీ సరిపోలేదు. సంతకం అయిందని మాత్రం చెప్పాను.

సాయంత్రానికి బిష్కెక్ చేరాం. ఆస్పత్రి నర్సు తలుపు దగ్గర పిల్ల పేరు రాసుకుని, ఇకనుంచి లోపలికి ఒక్కరే రావాలని చెప్పి, తోడు ఎవరని అడిగింది. సైకల్ ఒక అడుగు ముందుకేసింది.

"మా అమ్మ చచ్చిపోయింది," అంది అక్‌మరాల్. "నాకు అక్క కూడా లేదు."

డాక్టర్ వేలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నర్సు ఆ పిల్ల చిన్న బూట్లు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక మా ఇద్దరి మధ్యా చేయి చాపింది. నేను కదల్లేదు. సైకల్ తీసుకుంది.