లాంతర్ల బల్ల

"తలంటుకుంటే ఎవరూ చచ్చిపోరమ్మా."

"చస్తావని నేనన్నానా? నలభై దాటాక తలపోటు పట్టుకుంటే ఇక వదలదు, అప్పుడు నన్నే తిట్టుకుంటావు అన్నాను."

"తిట్టుకోను. కావాలంటే కాగితం మీద రాసిస్తా."

"నీ కాగితాలు నీ బజార్లో చూపించుకో. ముప్ఫై రోజులంటే ముప్ఫై రోజులే. ఇవాళ్టికి ఇరవై మూడు."

ఈ గొడవ మూడు రోజులుగా నడుస్తోంది. హంటా మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. ఒత్తుగా ఉంగరాలు తిరిగిన జుట్టు అట్టలు కట్టి నెత్తికి అంటుకుపోయింది. అత్తగారు యూషియాన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో బెల్లమూ అల్లమూ వేసి కాచిన నీళ్ళ గిన్నె, అందులో ఉడికిన గుడ్లు రెండు. షాంపూ సీసా మొన్నటినుంచీ కనబడటం లేదు. అది బియ్యం డబ్బాలో ఉందని హంటాకి తెలుసు. తెలుసన్న సంగతి అత్తగారికీ తెలుసు.

"మా ఊళ్ళో బాలింతలకి కూడా ఇంత కట్టడి ఉండదు."

"మీ ఊళ్ళో చలికాలంలో కూడా మామిడిపళ్ళు కాస్తాయట. మీ ఊరి సంగతి వేరు. తాగు, చల్లారిపోతుంది."

హంటా గిన్నె అందుకుంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునుంచీ అత్తగారిని అమ్మా అని, మామగారిని నాన్నా అని పిలుస్తోంది. ఇక్కడ కోడళ్ళందరూ అలాగే పిలుస్తారు. వాళ్ళు ఆమెని అహాన్ అంటారు. హంటా అనే పేరు యూషియాన్ నోట్లో ఎంత తిప్పినా తిరగలేదు. మడగాస్కర్ నుంచి చదువుకోవడానికి చైనా వచ్చి ఏడేళ్ళు. చదువయ్యాక యీవూ టోకు బజార్లో ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం, అక్కడే సరుకులు లారీలకెక్కించే హైబిన్‌తో పరిచయం, పెళ్ళి. బజారుకి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఈ ఊళ్ళో, మూడంతస్తుల సన్నపాటి ఇంట్లో, కాపురం.

అత్తగారిది మొండితనమే గాని చెడ్డతనం కాదు. ఇరవై మూడు రోజులుగా హంటాని చల్లనీళ్ళు ముట్టనివ్వలేదు. కోడిని ఊరి సారాలో ఉడకబెట్టి రోజు విడిచి రోజు పెట్టింది. లోపలిబట్టలు సైతం తనే ఉతికింది. కాని ఆ ఒక్క మాట మాత్రం ఆమె అనదు. "నీకు ఒంట్లో బాగోలేనప్పుడు" అంటుంది. "ఆ ఆసుపత్రి గొడవ" అంటుంది. ఎవరైనా పలకరించడానికి వస్తే "ఒళ్ళు కాస్త బలహీనపడింది, మళ్ళీ నిలబడుతుంది లెండి" అని సాగనంపుతుంది. హైబిన్ కూడా అంతే. అయిదున్నర నెలలు కడుపులో కాళ్ళూ చేతులూ ఆడించి వెళ్ళిపోయిన బిడ్డని, పోయింది అని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. హంటాకి కావలసింది ఆ ఒక్క మాటే. ఎవరో ఒకరు, ఒక్కసారి, ఈ ఇంట్లో ఒకరు చచ్చిపోయారని అంటే చాలు. అప్పుడు తను ఏడవచ్చు. ఇప్పుడు ఏడిస్తే, దేనికోసం ఏడుస్తున్నట్టు?

గిన్నె ఖాళీ అయ్యేదాకా నిలబడి, అత్తగారు కిందికి దిగుతూ మెట్ల మీదనుంచే మామగారి మీద పడింది.

"ఏమయ్యా, లాంతర్లకి కాగితం అంటించావా లేదా? ఎల్లుండి పున్నమి. ఊరందరి బల్లలూ సిద్ధమైపోయాయి. మనది ఇంకా పక్కటెముకలు కనబడుతూ కూర్చుంది."

మామగారు గెన్‌ఫాకి జవాబు చెప్పే అలవాటు తక్కువ.

ఫోను మోగింది. మడగాస్కర్‌లో తొఆమాసినా రేవులో కొట్టున్న రాసువా అనే ఆవిడ. "అమ్మాయ్ హంటా, నా గొడుగుల సంగతేమిటి? వానలు సగం అయిపోయాయి, ఇంక నా సమాధి మీద వేస్తావా ఆ గొడుగులు?"

"కొత్త ఏడాది పండగలకి ఫ్యాక్టరీలన్నీ మూసేశారు అక్కా. పున్నమి వెళ్ళిన వారానికి బజారు తెరుస్తారు. ఆ రోజే నేను వెళ్ళి చూస్తాను."

"నువ్వే చూడు. పోయినసారి ఇంకెవరినో పంపారు, వందకి ఎనిమిది గొడుగులు నోరు తెరిచి మళ్ళీ మూయలేదు."

హంటా పని అదే. బజారు గేటునుంచి గేటుకి నడిచి, అమ్మేవాళ్ళ మాట ఫ్రెంచిలోకీ మలగాసీలోకీ, కొనేవాళ్ళ మాట చైనా భాషలోకీ మార్చి చెప్పాలి. సరుకు తయారయ్యాక గోదాముకి వెళ్ళి పది అట్టపెట్టెలకి ఒకటి చొప్పున విప్పించాలి. గొడుగైతే మూడుసార్లు తెరిచి మూయాలి. తల పిన్ను వంచి చూడాలి, చెప్పు పట్టీ లాగి చూడాలి. పనికిరానిదాన్ని పక్కపెట్టెలో పడేస్తే కుర్రాడు వచ్చి ఊడ్చుకుపోతాడు. వీళ్ళ చాంద్రమానపు పన్నెండో నెల ఇరవయ్యో తేదీన, గోదాములో, నలభయ్యో పెట్టె దగ్గర వంగి ఉండగానే ఆమెకి నొప్పి మొదలైంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుందనుకుంది. ఇంకో ఆరు పెట్టెలు చూసింది.

ఆ ఆరు పెట్టెల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

అమ్మకి కూడా. ఆ మధ్యాహ్నం మళ్ళీ అమ్మకి ఫోను చేసింది. అక్కడింకా పొద్దున్నే. అమ్మ వంటింట్లో, మాడిన అన్నం గిన్నెలో నీళ్ళు పోసి కాస్తోంది. ఆ వాసన ఫోనులోంచి వస్తున్నట్టే ఉంది.

"అమ్మా, వీళ్ళు సమాధి కూడా కట్టరట. కొండ మీద వీళ్ళ పెద్దలందరికీ ఉన్నాయి. అడిగితే హైబిన్ ఏమన్నాడో తెలుసా? ఏడాది నిండని పిల్లలకి చోటుండదు, ఆచారం లేదు అన్నాడు."

అమ్మ పొయ్యి తగ్గించింది. హంటా ఎదురుచూసింది, అమ్మ మండిపడుతుందని, ఇదేం మనుషులే అంటుందని.

"మనకి మాత్రం ఉందా తల్లీ?" అంది అమ్మ. "పళ్ళు రాని బిడ్డని మన సమాధిలో మాత్రం పెడతామా? నీటిబిడ్డ కదే అది. మీ అక్క తర్వాత నాకొకటి పోలేదూ? వాగు ఒడ్డున తడిమట్టిలో పెట్టి వచ్చాడు మీ నాన్న. ఏడిస్తే ఆ మట్టి ఎండిపోతుందన్నారు, ఏడవలేదు. నువ్వూ ఏడవకు."

ఆరువేల మైళ్ళ అవతలివాళ్ళూ ఇవతలివాళ్ళూ కూడబలుక్కుని మాట్లాడుతున్నట్టుంది.

"నీకు తడిమట్టి అన్నా ఉందమ్మా," అంది చివరికి. "నాకది కూడా లేదు. ఆసుపత్రిలో కాగితం ఇచ్చారు. మీరే చూసుకోండి అని హైబిన్ సంతకం పెట్టేశాడు. ఎక్కడ పెట్టారో వాళ్ళకీ తెలీదు."

అమ్మ పొయ్యి మీంచి గిన్నె దించిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అన్నం తింటున్నావా?" అని అడిగింది.

ఫోను పెట్టేశాక గదిలో ఉండబుద్ధి కాలేదు. అత్తగారు కూరలకి వెళ్ళిన సందు చూసి, చెవులకి టోపీ లాక్కుని, మెట్లు దిగింది.

ముందుగదిలో రెండు స్టూళ్ళ మీద బల్ల పరిచి ఉంది. బారెడున్నర పొడుగు కర్పూరపు చెక్క. రెండు కొసలా కన్నాలు. పున్నమినాడు ప్రతి ఇంటివాళ్ళూ తమ బల్ల భుజాన వేసుకుని ఊరి మొగలో నిలబడతారు. ఒక్కొక్క కన్నంలో చీల దిగ్గొట్టి బల్లకి బల్ల తగిలిస్తే అది డ్రాగన్ అవుతుంది. దాన్ని మోసుకుంటూ చేనుగట్ల మీదుగా చుట్టూ తిరిగి వస్తారు. గెన్‌ఫా పదిహేడో ఏటినుంచి మోస్తున్నాడు. నలభై మూడేళ్ళు. "తప్పింది ఒక్కసారే, మా మామగారు పోయిన ఏడు" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. కాలు విరిగిన ఏడు కూడా ఆయన కుంటుకుంటూ మోశాడట.

బల్ల మీద మూడు వెదురు చట్రాలు నిలబెట్టి ఉన్నాయి. మూడోది చిన్నది, కొత్తది. చలికాలం మొదట్లో, హంటాకి నాలుగో నెల దాటిందని తెలిశాక, ఆయన వెదురు చీల్చి కట్టింది. పక్కనే చుట్టిన ఎర్రకాగితం, జిగురు గిన్నె. జిగురు పైన మీగడ కట్టేసింది. గెన్‌ఫా పీట మీద కూర్చుని, చేతిలో ఏమీ లేకుండా, ఊరికే ఉన్నాడు.

హంటా గడప దగ్గరే ఆగిపోయింది. ముప్ఫై రోజుల కట్టడిలో ఉన్న ఆడది మైల, బల్ల దరిదాపులకి రాకూడదు.

"రా," అన్నాడు ఆయన.

"అమ్మ చూస్తే..."

"అమ్మ ముల్లంగి దుంపకి బేరమాడుతోంది. చీకటిపడితేగాని రాదు."

ఆమె లోపలికి వెళ్ళి గోడవారగా నిలబడింది. ఆయన ఇంకో పీట కాలితో ముందుకి జరిపాడు. కూర్చుంది. ఇద్దరూ చిన్న చట్రం వైపు చూస్తూ కూర్చున్నారు. బయట పిల్లలెవరో టపాకాయలు పేలుస్తున్నారు.

"అబ్బాయా, అమ్మాయా?" అని అడిగాడు గెన్‌ఫా.

ఇరవై మూడు రోజుల్లో ఎవరూ అడగని మాట.

"అమ్మాయి."

"చూశావా?"

"ఆ. నర్సు వద్దంది. నేనే అడిగి చూశాను." ఆమె తన చెయ్యి చాపి, అరచేతినుంచి మోచేతి వంకదాకా చూపించింది. "ఇంతుంది నాన్నా. గోళ్ళు కూడా వచ్చాయి. వేళ్ళకి అన్నిటికీ."

గెన్‌ఫా తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"నాకు గోదాములో నొప్పి మొదలైంది," అంది హంటా. "వెంటనే లేవలేదు. ఇంకో ఆరు పెట్టెలు చూసి లేచాను."

ఆయన ఆమె వైపు తిరగలేదు. "నేను మొన్న పొలంలో దుంగ ఎత్తుతుంటే నడుం పట్టేసింది. ఇంకో నాలుగు ఎత్తి గాని ఆగలేదు. పనిచేసే మనిషికి అక్కడెక్కడ ఆగాలో తెలుస్తుందా?" అని, కాసేపటికి లేచి, జిగురు గిన్నె తీసుకెళ్ళి పెరట్లో పారబోసి, కడిగి బోర్లించాడు.

సాయంత్రం భోజనాలకి పెదమామగారు బావ్‌చింగ్ వచ్చాడు. గెన్‌ఫాకి అన్న, ఈ ఏడు డ్రాగన్‌కి పెద్ద. చంకలో ఎర్రకాగితం చుట్ట. అందులో ఊళ్ళో బల్లలన్నీ ఇంటిపేర్ల వరసన రాసుకున్నాడు.

"ఏమ్మా అహాన్, లేచి తిరుగుతున్నావే! మీ సింహాల దేశంలో ఇంత పొడుగు డ్రాగన్ చూశావా ఎప్పుడైనా?"

"మా దేశంలో సింహాలు లేవు పెదనాన్నా. పెళ్ళైన రోజునుంచీ చెబుతున్నా."

"లేవంటే ఎలా? ఆఫ్రికా అన్నాక ఒకటో రెండో దాక్కుని ఉంటాయిలే."

హైబిన్ నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైంది, నవ్వాక హంటా వైపు చూసి తల దించుకున్నాడు. సంతకం పెట్టిన రోజునుంచీ అతనికి ఆమె మొహం చూడటం చేతకావడం లేదు. రాత్రిళ్ళు ఆమె అటు తిరిగి పడుకుంటే అతను దుప్పటి మాత్రం సర్దుతాడు.

యూషియాన్ ఆవిర్లు కక్కుతున్న చేప పళ్ళెం మధ్యలో పెట్టింది. "తినండి, తినండి. లెక్కలు తర్వాత."

"లెక్క అయిపోయింది వదినా," అన్నాడు బావ్‌చింగ్, మరదలైనా ఆమెని ఏడిపించడానికి ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. "తూర్పు చివర జిన్ వాళ్ళది రాదు. ముసలమ్మ పదో నెలలో పోయింది కదా, చావు మైల ఉన్న ఇంటి బల్ల కలపకూడదు. వాళ్ళది తీసేస్తే నూట ఇరవై ఆరు. నిరుడు నూట పందొమ్మిదే. మీది ఎప్పట్లాగే తల వెనక నాలుగోది. తమ్ముడూ, లాంతర్లు అయ్యాయా?"

"ఎక్కడ!" అంది యూషియాన్. "మూడు రోజులుగా మొత్తుకుంటున్నా. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇవాళ ఏకంగా జిగురు గిన్నె కడిగి బోర్లించాడు."

గెన్‌ఫా చేప బుగ్గ దగ్గరి మెత్తని ముక్క తుంచి హంటా గిన్నెలో పెట్టాడు. చాప్‌స్టిక్స్ గిన్నె మీద అడ్డంగా ఆనించాడు.

"అన్నా, నూట ఇరవై అయిదు అని రాసుకో."

"ఎవరిది తీసేయమంటావు?"

"మాది."

బావ్‌చింగ్ నవ్వబోయి ఆగాడు. "నడుం నొప్పా? హైబిన్ మోస్తాడులే. కుర్రాడి భుజం చెడిపోయిందా ఏమిటి?"

"హైబిన్ కూడా మొయ్యడు."

యూషియాన్ గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏం మాటలివి, పండగపూట..." అని ఏదో అనబోయింది. ఆయన ఆమెని ఆపలేదు. గొంతు పెంచలేదు. ఆమె తనంతట తను ఆగేదాకా చూసి, రోజూ వాన పడుతుందో లేదో చెప్పే గొంతుతోనే, భోజనాల దగ్గర ఉన్న అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"మా ఇంట్లో మనిషి పోయింది అన్నా. నా మనవరాలు. ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఈ ఏడు మా బల్ల రాదు."