సాంచాలు ఆగినప్పుడు

మోతి పవర్‌లూమ్ సాంచాల నడుమ పుట్టింది. సిరిసిల్లలో ఆ కార్ఖానా మోతకు మనుషుల చెవులే మొద్దుబారిపోతాయి గానీ, ఆ కుక్కకు అదే జోలపాట. నిశ్శబ్దమంటేనే హడల్. సాంచాలు ఆగాయా, తోక కాళ్ల మధ్య దోపుకుని ఒకటే ఏడుపు.

ఆ ఏడుపే పోయిన ఎండాకాలం, ఆ సాంచాలు నడిపే శ్రీశైలాన్ని బతికించింది. కార్ఖానాలో ఒంటరిగా ఉన్నప్పుడు ఛాతీలో నొప్పి వచ్చి పడిపోయాడు. కండెలో నూలు అయిపోతే సాంచ దానంతటదే ఆగుతుంది. మార్చే చెయ్యి లేక అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగాయి. మోతి ఏడ్చింది. బయట అరుగు మీద బీడీలు చుడుతున్న అతని భార్య రజిత, చాట పక్కకు నెట్టి పరుగెత్తింది.

ఈ పని మానకుంటే మనిషి దక్కడన్నాడు డాక్టరు. కోరుట్ల దగ్గర మామిడితోటలో కాపలా పని కుదిరింది. తీరా మోతిని వెంటబెట్టుకుని చూడబోతే, ఆ తోట నిశ్శబ్దానికి అది వణికిపోతూ మొత్తుకుంది. తోట యజమాని దివాకర్ మొహం చిట్లించాడు. "గీ కుక్కను మాత్రం తేకుండ్రి."

"అది రాకుంటె నేను గూడ రాను," అన్నాడు శ్రీశైలం.

రజితకు ఒళ్లు మండింది. ఏం చేస్తుంది, మొగుడు బతకాలంటే తోటకు పోవాలి, పోవాలంటే కుక్క భయం పోవాలి. ఇద్దరూ కలిసి దానికి నేర్పడం మొదలుపెట్టారు. లోపల అతను స్విచ్ నొక్కి సాంచాలన్నీ ఒక్కసారే బంద్ చేసేవాడు. అది ఏడుపందుకునేలోపే ఆమె బయటికి పిలిచి కోడి ముక్క పెట్టేది. మొదట చిటికెడు సేపు, తర్వాత చాయ్ తాగేంత సేపు. కొన్నాళ్లకు వణుకు తగ్గింది, ఏడుపూ పోయింది. అది ఏడవని మొదటిరోజు రజితకు ఎందుకో గుండె దడదడలాడింది. మంచి జరిగినా భయమేనా అని తనను తానే తిట్టుకుంది.

తెల్లారితే ప్రయాణం. మధ్యాహ్నం ఆమె బీడీలు చుడుతుంటే లోపల మోత తగ్గుతూ, తగ్గుతూ ఆగిపోయింది. మోతి తోక ఊపుకుంటూ వచ్చి ఆమె ముందు బుద్ధిగా కూర్చుంది.

"ఎంత ధైర్యమచ్చింది నా బిడ్డకు," అని మురిసిపోయి ముక్క పెట్టింది రజిత. పోయేముందు మొగుడు దాన్ని ఇంకోసారి పరీక్షిస్తున్నాడనుకుంది. "ఇగ సాంచాలు మల్ల నడుపు," అని లోపలికి కేకేసింది.

జవాబు లేదు. మోతా లేదు.

అతను బంద్ చేస్తే అన్నీ ఒక్కసారే ఆగాలి. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి ఆగాయి.

ఆమె చేతిలోంచి చాట జారింది. మోతి ఏ బెదురూ లేకుండా ఇంకో ముక్క కోసం ఆ చేతి వైపే చూస్తోంది.