నాలుగో గంట

"అమ్మా, కాస్త గడియారం చూడు. నాకింకో గంటుంది. ఒంట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు. ఇప్పుడే సూదులు పీకేస్తే నా గతేం కాను?"

మేస్త్రీ బతిమాలాడు. ఎండలో గోడలు కట్టి, ఎవరినీ ఏదీ అడగకుండా బతికిన మనిషి ఒక్క గంట కోసం బతిమాలాడు. నర్సమ్మ గడియారం వైపు చూడలేదు. ఆమె వెనకాలే మేనేజరు నిలబడి ఉన్నాడు. ఆసుపత్రి ప్రభుత్వానిదే, డయాలసిస్ గది మాత్రం కాంట్రాక్టుకు పోయింది. కాంట్రాక్టరు ముఖం రోగులెవరూ ఎరగరు. ఆయన పేరు చెప్పి పెత్తనం చేసేది ఈ మేనేజరే.

"నాలుగు గంటల రోజులు పోయాయని చెప్పాం కదా! రోగులు పెరిగారు, మిషన్లు అవే. బయట రెండో బ్యాచి కూర్చునుంది. వాళ్ళవి ప్రాణాలు కావా? లే, లే!"

ఇంకొకరి ప్రాణం అనేసరికి మేస్త్రీ నర్సమ్మ వైపు చెయ్యి చాపాడు, ఆమె సూదులు తీసేసింది. లేచి కూర్చున్నాడు. చెప్పుల్లోకి పాదాలు దూరలేదు, అంతగా వాచిపోయాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, పక్క మంచం మీదున్న దర్జీ వైపు తిరిగి నవ్వాడు.

"చూశావా చెల్లెమ్మా, జన్మంతా గోడలకు నీళ్ళు కొట్టానా? ఇప్పుడు గుక్కెడు తాగితే చాలు, నేనే ఊరుతున్నాను."

నవ్వు సగంలో ఆగి దగ్గయింది. ఊపిరి లాగుతుంటే అతని గుండెల్లో ఈల వేసినట్టు వినిపించింది. దర్జీ చేతికి రెండు సూదులున్నాయి, ఒక గొట్టంలో ఆమె రక్తం పోతోంది, ఇంకో గొట్టంలో వస్తోంది. ఆమె అతని చేతిలోని చెప్పుల కేసి చూస్తూ పడుకుంది.

మళ్ళీ వంతు వచ్చేసరికి మేస్త్రీ మంచం ఖాళీ.

ఆ గదిలో ఒక మర్యాద ఉంది. ఖాళీ మంచం గురించి ఎవరూ అడగరు. రాని మనిషి రాలేదంతే. అడిగితే వినాలి, విన్నాక ఆ మిషనుకు మళ్ళీ చెయ్యి చాపబుద్ధి కాదు. అందుకని ఎవరి ధైర్యాన్ని వాళ్ళే కాపాడుకుంటూ, పక్కవాళ్ళ ధైర్యం చెడగొట్టకుండా, చచ్చినవాళ్ళ మాటే ఎత్తకుండా నెట్టుకొస్తున్నారు. మంచితనమే అది, కాదనను. కానీ ఆ మంచితనమే వాళ్ళ కొంప ముంచింది. ఎంతమంది పోయారో లోపలున్నవాళ్ళే మాట్లాడుకోకపోతే, కాంట్రాక్టరుకు అంతకంటే ఏం కావాలి?

మేస్త్రీ మంచం మీదికి ఒక గుమాస్తా వచ్చాడు. అతనికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. గుమాస్తా చడీ చప్పుడూ లేకుండా నిద్రపోయేవాడు. దర్జీకి మాత్రం ఆ మంచం మీంచి మేస్త్రీ ఈల వినిపించేది. తల తిప్పితే గుమాస్తా, తిప్పకపోతే మేస్త్రీ. ఇదేం పాడు బుర్రరా భగవంతుడా అని తనను తానే తిట్టుకునేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో జాకెట్టు కుడుతోంది. కుట్టుమిషను తొక్కుతుంటే ఆ ఈల మళ్ళీ వినిపించింది. తొక్కడం ఆపింది. ఈల ఆగలేదు. వెనక్కి తిరిగి చూసింది, ఎవరూ లేరు. ఊపిరి బిగబట్టింది. అప్పుడు ఆగింది. ఆ ఈల తన గుండెల్లోంచే వస్తోంది. కోసేసిన గంటలన్నీ నీళ్ళయి తన ఒంట్లో చేరుతున్నాయి. మేస్త్రీ పోయిన దారినే తనూ పోతోంది.

మర్నాడు ఆసుపత్రి వరండాలో అందరూ ఉన్నారు. రెండో బ్యాచివాళ్ళు కూడా దూరాల నుంచి పొద్దున్నే వచ్చి అక్కడే పడి ఉంటారు. మేస్త్రీ భార్య వచ్చి వాళ్ళ మధ్యన నిలబడింది.

"ఆ రోజు ఇంటికొచ్చి పడుకోలేకపోయాడు. గోడకానుకుని కూర్చునే పోయాడు. ఇక్కడ ఏం జరిగింది? గంటలు పూర్తిగా ఎక్కించారా?"

ఒకడు చెప్పుల కేసి చూశాడు. గుమాస్తా కళ్ళు మూసుకున్నాడు. ఒకామె కొంగు సర్దుకుంది.

"ఏం మనుషులు మీరు? పక్కపక్కన పడుకున్నారే! వీధిలో కుక్క పోయినా ఎవరో ఒకరు అయ్యో అంటారు. నా మొగుడు ఎలా పోయాడని ఒక్కరైనా అడిగారా?"

దర్జీ గోడ పట్టుకుని లేచింది.

"గంట ముందే దించేశారు వదినా. చెప్పులు కూడా పట్టలేదు కాళ్ళకి. నేను చూస్తూ పడుకున్నాను. మేస్త్రీ చచ్చిపోయాడు. చంపేశారు."

ఆ మాట ఆ వరండాలో ఎవరూ అనగా ఎవరూ వినలేదు. తర్వాత మూలనుంచి ఎవరో అన్నారు, "పాలమ్మే అవ్వ కూడా అంతే." ఇంకొకరు, "కూరగాయల బండి తమ్ముడు." "మా బ్యాచిలో పంతులుగారు." పోయినవాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి వాళ్ళ మధ్యన కూర్చున్నట్టయింది. అందరూ ఆ గంట కోసేశాక పోయినవాళ్ళే.

రెండో బ్యాచిలోని లారీ డ్రైవరు గయ్‌మన్నాడు. "అయితే మమ్మల్ని చావమంటావా? మీరు నాలుగు గంటలుంటే మాకు మిగిలేదేంటి?"

"నిన్న సాయంత్రం అడుగుదామని వచ్చాను," అంది మేస్త్రీ భార్య. "మీరంతా వెళ్ళిపోయారు. తలుపు సందులోంచి చూశాను. మిషన్లన్నీ తిరుగుతున్నాయి. మీ మంచాల మీదే వేరేవాళ్ళున్నారు. కార్లలో వచ్చారు. డబ్బు కట్టించుకుని ఎక్కిస్తున్నారు."

డ్రైవరు దర్జీ వైపు తిరిగాడు. "మీరు మా గంట తింటున్నారని మాకు చెప్పాడు వాడు."

"మాకు మీరని చెప్పాడు," అంది దర్జీ.

"బాగానే ఉంది. కొట్లాడటానికి ఓపికేదమ్మా? మెట్లెక్కితే దమ్మొస్తుంది మనకి!" అన్నాడు డ్రైవరు.

"లేవకుండా పడుకునే ఓపికైతే ఉందిగా అన్నా!" అంది దర్జీ.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వరండాలో నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

ఆ రోజు మూడు గంటలు కాగానే నర్సమ్మ దర్జీ దగ్గరకొచ్చింది. దర్జీ చెయ్యి గుండెలకు దగ్గరగా లాక్కుంది. "నేను లేవను." పక్కన గుమాస్తా, "నేనూ లేవను." మాట మంచం నుంచి మంచానికి పాకింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"పీకెయ్ సూదులు!"

నర్సమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను తియ్యను సార్. మేస్త్రీకి తీసింది నేనే. అప్పట్నుంచి నాకు అన్నం సహించడం లేదు."

పోలీసులొచ్చారు. గుమ్మానికి అడ్డంగా డ్రైవరూ రెండో బ్యాచీ కూర్చున్నారు. తమ వంతు వెనక్కి పోతున్నా కదల్లేదు. ఇన్‌స్పెక్టరు వాళ్ళ తలల మీంచి లోపలికి చూశాడు. మనుషుల రక్తం ఒంటి బయట, గొట్టాల్లో తిరుగుతోంది. ఎవరిని ఎక్కడ పట్టుకుని లాగాలో అతనికి పాలుపోలేదు. నాలుగో గంట నిండేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

అప్పుడు నర్సమ్మ దర్జీ సూదులు తీసింది. కానిస్టేబులు చెయ్యి పట్టుకోబోతే, "ఆగు నాయనా, రక్తం ఆగనీ," అంది దర్జీ, దూది మీద బొటనవేలు నొక్కిపెట్టి. ఆగేదాకా వాడు నిలబడ్డాడు. ఆమెనూ మేస్త్రీ భార్యనూ వ్యాను ఎక్కించారు.

లోపల డ్రైవరు మంచమెక్కి నర్సమ్మకు చెయ్యి చాపాడు. "గుచ్చమ్మా. నాలుగు గంటలకు పెట్టు." వెనక నుంచి, "నాకూ నాలుగే!" "నాకూ!" అన్న కేకలు వ్యాను దాకా వచ్చాయి. ఆవరణలో సాయంత్రం వంతు కోసం ముందే వచ్చి కార్లు దిగినవాళ్ళు ఏం జరుగుతోందో తెలియక నిలబడ్డారు.

మేస్త్రీ భార్య దర్జీ భుజం పట్టుకుంది. "ఎల్లుండి నువ్వు మళ్ళీ మిషనెక్కాలి కదా. స్టేషన్లోనే ఉంచేస్తే?"

"ఉంచేస్తే చచ్చిపోతాను వదినా. భయంగానే ఉంది." దర్జీ వేలు తీసి దూది చూసుకుంది. "కానీ ఈసారి నా మంచం దగ్గర ఎవరూ నోరు మూసుకోరు."

వ్యాను కదిలింది. వరండాలో లేవగలిగినవాళ్ళంతా లేచి దాని వెనకే నడవడం మొదలుపెట్టారు.