రెండు మహాసభల్లో రాజలింగం

నేను ఒక పాత వ్యాన్‌ను. ఏడుగురు కూర్చునే బండిని. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఒక ఊరి చివర తుక్కు యార్డులో, చక్రాలు ఊడదీయించుకుని సిమెంటు దిమ్మెల మీద కూర్చుని ఈ మాటలు చెబుతున్నాను. నా కథలో రెండు పార్టీలున్నాయి. వాటి పేర్లు మాత్రం చెప్పను. చెబితే మీరు వెంటనే ఏదో ఒక పక్కకు చేరిపోతారు, ఆ తర్వాత నేను చెప్పేది మీ చెవికెక్కదు. ఇన్నేళ్లు మనుషులను మోసినదాన్ని, ఆ మాత్రం తెలుసు నాకు.

ఒక పెద్ద కర్మాగారంలో, యంత్రాల చేతులు అతుకులు వేస్తుండగా పుట్టాను. మొదట నన్ను కొన్నవాళ్లు ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు. ఆ పిల్లలు నా సీట్ల సందుల్లో పోసిన బిస్కెట్ల పొడి నాలో ఇంకా ఉంది. వాళ్లు విడాకులు తీసుకున్నప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో కోర్టు చెప్పింది గానీ, నేనెవరికి కావాలో ఇద్దరూ చెప్పలేదు. అలా పాత బండ్లు అమ్మే చోటుకు చేరి, ఒక శనివారం రాజలింగం కంట్లో పడ్డాను.

రాజలింగానిది గోదావరిఖని. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. నవ్వితే భుజాలు ఊగేవి. ఒక గిడ్డంగిలో మధ్యాహ్నం షిఫ్టు చేసేవాడు. అతని భార్య సుగుణ ఊళ్లోని పెద్దాసుపత్రిలో నర్సు. నన్ను ఇంటికి తెచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు అద్దానికి పసుపు బొట్లు పెట్టాడు. పక్క వీధిలో ఉండే రూతమ్మ అది చూసి, "అన్నయ్యా, ఇక నా వంతు" అంటూ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. రూతమ్మది చీరాల. ఆమె కూడా అదే ఆసుపత్రిలో, అదే వార్డులో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఈ దేశంలో ఆమెకు ఉన్న ఇల్లంతా ఆ ఇద్దరే. ఆమె అతన్ని అన్నయ్యా అనేది, అతను ఆమెను చెల్లె అనేవాడు. ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అనుకునేవారు.

ఇద్దరు నర్సులకూ బండి నడపడం అంటే భయమే. రూతమ్మకు లైసెన్సు ఉంది గానీ మంచు పడితే స్టీరింగు ముట్టదు. అందుకని రోజూ పొద్దున రాజలింగమే ఇద్దరినీ ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపేవాడు. సుగుణ ముందు సీట్లో, రూతమ్మ వెనక సీట్లో. ఆ దారంతా నాలో మాటలే. వార్డులో ఏ డాక్టరు ఎలా కసురుకున్నాడు, చీరాల చేపల పులుసు గొప్పదా, గోదావరిఖని మటన్ గొప్పదా. నా బతుకులో మంచి రోజులు అవే.

పౌరసత్వం వచ్చిన ఏడు ఆడవాళ్లిద్దరూ ఓటర్లయ్యారు. రూతమ్మ పక్కింటావిడ ఒక పార్టీ మనిషి. వార్డులో సుగుణకు దగ్గరైన పెద్ద నర్సు మార్గరెట్ రెండో పార్టీ మనిషి. సిద్ధాంతం చూసి పార్టీని ఎంచుకున్నామని మనుషులు అంటారు గానీ, నేను చూసినంతలో ముందు ఎవరు టీకి పిలిస్తే వాళ్ల పార్టీయే. రూతమ్మ నా వెనక బంపరుకు ఎడమవైపు తన పార్టీ స్టిక్కరు అంటించింది. మర్నాటికి కుడివైపున సుగుణది వెలిసింది. రాజలింగం నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఉండనియ్యుండ్రి. బండికి రెండు చెవులున్నై, రెండు కమ్మలు పెడితే ఏమైతది?" అన్నాడు.

దారిలో ఎర్రదీపాల దగ్గర వెనక ఆగిన కార్లవాళ్లు నన్ను చూసి నవ్వుకునేవారు.

ఒక వసంతకాలం పొద్దున జరిగింది చెప్పాలి. చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు. విన్నవాళ్లు ఇద్దరున్నారు గానీ, వాళ్లు చెప్పరు.

ఆ పొద్దున రాజలింగం ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చేత్తో రొమ్ము రుద్దుకుంటున్నాడు. "రాత్రి నుంచి ఇక్కడ పట్టినట్టున్నది" అన్నాడు.

"అంత తినకు అంటె వింటెనా? మటన్ చూస్తె ఆగవు" అంది సుగుణ.

వెనక నుంచి రూతమ్మ నవ్వింది. "గ్యాసై ఉంటది అన్నయ్యా. ఇంటికెళ్లి కాసిని జీలకర్ర నీళ్లు తాగి పడుకో."

"ఇద్దరు నర్సులను మోస్తున్న. జీలకర్ర నీళ్లు తప్ప మందు తెల్వదు మీకు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆసుపత్రి దగ్గర ఇద్దరూ దిగారు. సుగుణ తలుపు వేస్తూ, "ఎండుమిరపకాయలు అయిపోయినయి, తే" అంది. భర్తతో ఆమె అన్న చివరి మాట అదే.

అతను రోడ్డెక్కి మళ్లీ వెనక్కి తిప్పాడు. పార్కింగులో ఎమర్జెన్సీ తలుపుకు ఎదురుగా నన్ను ఆపాడు. ఆ గాజు తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఒకసారి నా తలుపు గొళ్లెం లాగాడు. తలుపు కాస్త తెరుచుకుంది. కాలు బయట పెట్టలేదు. బిల్లుకు భయపడ్డాడా, గ్యాసే కదా అనుకున్నాడా, లోపలికి పోతే ఇద్దరూ ఆటపట్టిస్తారని సిగ్గుపడ్డాడా, నాకు తెలియదు. సీటుకు తల ఆనించాడు. కాపలా మనిషి వచ్చి అద్దం తట్టేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత రూతమ్మ తన ఇంటికి తాళం వేసి సుగుణ దగ్గరే ఉండిపోయింది. కొన్ని నెలలు అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఖాళీ మైదానంలో పక్కన కూర్చుని ఆమెకు బండి నడపడం నేర్పింది. "భయపడకు వదినా, నిదానంగా బ్రేకు మీద కాలెయ్" అనేది. ఇద్దరూ మళ్లీ నాలో పనికి వెళ్లసాగారు. అన్నీ మాట్లాడుకునేవారు. ఆ పొద్దున సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

అంతలో అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. ఈ దేశంలో ఆ ఎన్నికకు ముందు ఒక్కో పార్టీ జాతీయ మహాసభ పెడుతుంది. పెద్ద స్టేడియంలో కొన్ని రోజులు పండగ. బుడగలు, బ్యాండ్లు, రాష్ట్రాల నుంచి వచ్చిన ప్రతినిధులు, వాళ్లందరి ముందూ మా అభ్యర్థి ఫలానా అని ప్రకటన. ఆ ఏడు రూతమ్మ తన పార్టీకి ప్రతినిధిగా ఎన్నికైంది. సుగుణ ముక్కు విరిచింది. "ముందే తేల్చుకున్నదానికి అంత దూరం పోయి చప్పట్లు కొట్టుడెందుకు? మీది ఉట్టి డ్రామా సభ."

"మీదేమన్నా తక్కువా? మీ వాళ్లు ఏడుపులు కూడా రిహార్సలు చేసుకుంటారంట" అంది రూతమ్మ.

నవ్వుతూనే అనుకున్నారు. విమానాశ్రయానికి నేనే తీసుకెళ్లాను. సుగుణ చపాతీలు, పల్లీల పొడి కట్టి ఇచ్చింది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం వేళ సుగుణ పార్కింగులోకి వచ్చి, నాలో కూర్చుని, ఫోను స్టీరింగుకు ఆనించి పెట్టుకుంది. రూతమ్మ వేదిక మీదుంది. నీలం అంచు పట్టుచీర. గొంతు వణుకుతోంది.

"నా అన్న రాజలింగం ఆసుపత్రి తలుపుకు ఎదురుగా, బండిలో కూర్చుని చనిపోయాడు. లోపలికి వెళితే వచ్చే బిల్లుకు భయపడ్డాడు. ఆ భయాన్ని ఈ దేశానికి తెచ్చిపెట్టింది అవతలి పార్టీ."

స్టేడియం లేచి నిలబడింది. ఎవరో అతని పేరు అరిచారు. వేలమంది అందుకున్నారు. వాళ్ల నోళ్లలో అది రాజలింగం కాదు. "రాజ్‌లింగ్! రాజ్‌లింగ్!" అని ఫుట్‌బాల్ ఆటగాడిని పిలిచినట్టు పిలిచారు. రూతమ్మ కళ్లు తుడుచుకుంటూ చెయ్యి ఊపింది.

సుగుణ ఏడవలేదు. డబ్బాలో అన్నం అలాగే ఉంది. "పిరికోడన్నదా?" అంది. ఎవరితో అందో తెలియదు. నాలో ఇంకెవరూ లేరు. ఫోను మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది.

ఆ సాయంత్రమే మార్గరెట్ నా కిటికీ దగ్గరకు వచ్చింది. చాలా మెత్తగా మాట్లాడింది. వచ్చే నెల తమ పార్టీ మహాసభ ఉందని, అతని భార్యకు నిజం చెప్పే హక్కు లేదా అని అడిగింది. నిజం అనే మాటను ఆమె చాలాసార్లు వాడింది.

సుగుణ వెళ్లింది. అన్ని రోజులూ విమానాశ్రయం పార్కింగులో ఎండలో పడి ఉన్నాను. తిరిగి వచ్చాక ఆమె తాళం తిప్పలేదు. ముందు తన ప్రసంగమే ఫోనులో పెట్టుకుని విన్నది. అలా నేనూ విన్నాను.

"నా భర్త పిరికివాడు కాదు. ఆయన్ను చంపింది బిల్లు కాదు. అవతలి పార్టీ ఏలుబడిలో మా ఊళ్లో మూతపడ్డ గుండె జబ్బుల ఆసుపత్రి. ఆయన పేరును వేదికెక్కి అమ్ముకున్న ఆవిడ ఆయనకు చెల్లెలు కాదు. మాకు ఏమీ కాదు. మేము పనికి దింపే ఒక తోటి ఉద్యోగి, అంతే."

ఈ స్టేడియం కూడా లేచి నిలబడింది. ఈసారి పేరు పూర్తిగానే పలికారు. ముందే కాగితం మీద విడదీసి రాసి ఇచ్చారట. దాని గురించి సుగుణకు కాస్త గర్వం కూడా కలిగిందని ఆమె వేళ్లు స్టీరింగు మీద దరువు వేయడం చూసి తెలుసుకున్నాను. కాసేపటికి ఆ వేళ్లు ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున సుగుణ బండి తీస్తుంటే, తన మహాసభ నుంచి వచ్చాక మళ్లీ తన ఇంట్లోనే ఉంటున్న రూతమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"నేను ఏమీ కానా వదినా?" అంది రూతమ్మ.

"నా మొగని చావు నీకెందుకే? నన్నడిగినవా చెప్పేటప్పుడు?"

"అడిగితే ఒద్దనేదానివి."

"మరి తెలిసి చెప్పినవు. బిల్లుకు భయపడ్డడని నీకెవరు చెప్పిన్రు? నీ కలలకొచ్చి చెప్పిండా?"

"ఆసుపత్రి మూసేశారని చచ్చిపోయాడా మరి? అక్కడే, మన ఎమర్జెన్సీ ఎదురుగా ఉన్నాడు కదే! రెండడుగులేస్తే మనిద్దరం ఉన్నాం." రూతమ్మ సుగుణ వైపు తిరిగింది. "ఆ పొద్దున రొమ్ము పట్టేసిందన్నాడు. నేను జీలకర్ర నీళ్లన్నాను. నువ్వు మటనన్నావు. నవ్వుకున్నాం. గుండెల వార్డులో పనిచేసేవాళ్లం ఇద్దరం."

"అనకు."

"కళ్లు మూసుకుంటే అదే వినపడతంది. నా వల్ల కాదు వదినా. ఎవరిదో ఒకరిది తప్పు కావాలి నాకు. నాది కాకుండా."

సుగుణ రెండు చేతులతో స్టీరింగును బిగించి పట్టుకుంది. ఆ పట్టుకు నా తోలు కిర్రుమంది. చెయ్యి చాచి రూతమ్మను దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. నాకు చేతులుంటే ఆ పని నేనే చేసేదాన్ని.

"నాకు వద్దా మరి?" అంది సుగుణ. "నీకొక పార్టీ ఉన్నది, నాకొక పార్టీ ఉన్నది. దిగు."

రూతమ్మ దిగింది. తలుపు విసిరి కొట్టలేదు. మెల్లగా, అద్దం కదలకుండా వేసింది. ఆ సాయంత్రం సుగుణ వంటింటి కత్తి తెచ్చి నా బంపరు మీద ఎడమవైపు స్టిక్కరును గీకేసింది. దానితో పాటు రంగూ లేచిపోయింది. ఆ చలికాలానికి అక్కడ తుప్పు పట్టింది.

ఆ తర్వాత ఊళ్లో తెలుగువాళ్లు కూడా రెండుగా చీలారు. బతుకమ్మకు పిలిచినవాళ్లు క్రిస్మస్‌కు కనపడలేదు. రెండు ప్రసంగాల ముక్కలూ ఫోన్లలో తిరిగాయి. రాజలింగాన్ని ఎన్నడూ చూడనివాళ్లు అతను ఎందుకు చనిపోయాడో ఒకరికొకరు నేర్పించుకున్నారు. అతను నవ్వితే భుజాలు ఊగేవని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఎన్నికలు అయిపోయాయి. ఒక పార్టీ గెలిచింది. ఏది గెలిచిందో మీకు అవసరం లేదు, ఎందుకంటే ఆ ఇద్దరిలో ఎవరికీ మళ్లీ ఏ పార్టీ నుంచీ ఫోను రాలేదు. మార్గరెట్ వేరే రాష్ట్రానికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది.

రూతమ్మ బస్సులో పనికి వెళ్లసాగింది. అదే వార్డు, అవే రోగులు. ఒకామె మందులు ఇస్తే ఇంకొకామె సంతకం పెట్టేదట, తలెత్తకుండా. ఆ ఏడు మొదటి పెద్ద మంచు పడ్డ పొద్దున, బస్‌స్టాపు దగ్గర రూతమ్మ ఒక్కతే నిలబడి ఉంది. కోటు మీద, తల గుడ్డ మీద మంచు. బస్సులు ఆగిపోయిన సంగతి ఆమెకు తెలియదు. సుగుణకు తెలుసు, రేడియోలో అప్పుడే చెప్పారు. దూరం నుంచే ఆమెను చూసింది. సుగుణ పాదం నా బ్రేకు మీదకు వచ్చింది. ఆనింది. నొక్కితే ఆగడానికి సిద్ధంగా ఉన్నాను. రూతమ్మ కూడా నన్ను గుర్తుపట్టి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ పాదం అక్కడి నుంచి లేచి పక్కకు జరిగింది. నేను ముందుకే వెళ్లాను. బండికి ఇష్టాయిష్టాలు ఉండవు. వెనక అద్దంలో ఆమె చిన్నదవుతూ పోయింది. ఆ అద్దం వైపు సుగుణ చూడలేదు. ఆసుపత్రి చేరాక, ఇంజను ఆపాక, పనివేళ దాటిపోతున్నా చాలాసేపు కూర్చుని ఏడ్చింది.

మరుసటి ఏడు నా గేర్‌బాక్సు పోయింది. బాగు చెయ్యమంటారా అని మెకానిక్కు అడిగితే, "ఒద్దు, దీంట్ల కూసోలేకపోతున్న" అంది. తనతో పాటు ఏమీ తీసుకోకుండా ఈ యార్డులో అప్పగించి వెళ్లింది. ఇద్దరూ ఇప్పుడెక్కడున్నారో తెలియదు.

ఈ వేసవిలో మళ్లీ మహాసభల కాలం వచ్చింది. ఇక్కడ క్రేను నడిపే మనిషి రేడియో పెట్టుకుని పనిచేస్తాడు. నిన్న అందులో ఒకావిడ మాట్లాడింది. చనిపోయిన తన తమ్ముడి గురించి. వణుకుతున్న గొంతు, ఒక క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే వేలమంది చప్పట్లు. ఆ తమ్ముడి పేరు విందామని ప్రయత్నించాను. క్రేను మనిషి విసుక్కుని పాటల స్టేషనుకు మార్చేశాడు.