బజారంతా ఔనన్న మొక్క

దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కొండల్‌కు ఒక నియమం ఉంది. గిన్నె అడుగున ఏ ముద్ర ఉందో, గిన్నెలో ఆ స్టీలే ఉండాలి. జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ఉంటుంది. గిరాకీ అనుమానంగా చూస్తే చాలు, అడక్కముందే తీసి గిన్నెకు ఆనించి చూపిస్తాడు. అంటుకుంటే నాసిరకం. ఆ ఒక్క నమ్మకంతోనే చంపాపేట నుంచి, ఎల్‌బీ నగర్ నుంచి పెళ్లి సామాన్లకు అతన్ని వెతుక్కుంటూ వస్తారు. బేరంలో ఎంత గట్టివాడో భార్య దగ్గర అంత మెత్తన. ఆ సంగతి బజారులో అందరికీ తెలుసు, అతనికే తెలియదు.

భార్య స్వరూపరాణికి మోకాళ్ల నొప్పులు. డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆమె నడక మొదలుపెట్టింది గానీ, నాలుగడుగులకోసారి ఆగిపోయేది. నొప్పికి కాదు, మొక్కలు చూడ్డానికి. అక్క కూతురు శ్రీకళ ఆమె ఫోన్లో ఒక యాప్ వేసిచ్చింది. ఎవరూ నాటకుండా దానంతటది మొలిచిన మొక్క కనిపిస్తే ఫొటో తీసి అందులో పెట్టాలి. పేరు తెలిస్తే రాయాలి. మొక్కలు తెలిసినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో చూసి, ఔను అదేనని ఒప్పుకుంటే పేరు ఖాయమవుతుంది. ఏ ఊళ్లో ఏ మొక్క బతుకుతోందో పరిశోధన చేసేవాళ్లకు ఆ వివరం పనికొస్తుంది.

"అమ్మేది లేదు, కొనేది లేదు. గీ గడ్డికి గిరాకీ ఎవలే?" అన్నాడు కొండల్ మొదట్లో.

"గిరాకీ లేకున్నా మొలుస్తది గద. గదే నాకు నచ్చింది" అంది ఆమె.

మెట్రో పిల్లర్ కింది గడ్డి చామంతి, మోరీ గట్టు మీది ఉత్తరేణి, బస్టాపు వెనకాల వయ్యారిభామ అన్నీ పెట్టింది. ఎవరో ఒకరు వెంటనే ఔననేవారు. అయితే ఆ పేర్లు యాప్ చూపించినవీ, శ్రీకళ చెప్పినవీ. కర్మన్‌ఘాట్‌లో వాళ్ల ఇంటి వెనక ఖాళీ ప్లాటులో ఒక చిన్న మొక్క కనిపించింది. దానికి మాత్రం ఎవరినీ అడక్కుండా తానే 'నేల ఉసిరి' అని రాసింది. చిన్నప్పుడు అమ్మ వెంట చేనుకు పోయినప్పుడు చూసిన మొక్క. అది మొదటిసారి పూర్తిగా తన మాట.

దానికే ఎవరూ పలకలేదు. పొద్దున లేవగానే ఫోన్ చూసేది, అన్నం తింటూ చూసేది.

"నేను చెప్తె ఎవలు నమ్ముతరులే" అంది ఒకరోజు, నవ్వబోయి ఆగిపోయి.

ఆ ఆగిపోయిన నవ్వు కొండల్‌కు మింగుడుపడలేదు. దుకాణానికి పోయి కూర్చున్నా అదే గుర్తుకొచ్చింది. సరుకు మంచిదే, చెప్పేవాడు లేక ఆగింది అనుకున్నాడు. అలాంటిదానికి మందు అతనికి తెలుసు. బజారులో దుకాణాలవాళ్లంతా ఒకరికొకరు మ్యాపులో ఐదు స్టార్లు ఇచ్చుకుంటారు. అందులో తప్పేముంది? ఇరుగుపొరుగు సాయం. వాట్సాప్ గ్రూపులో యాప్ లింకూ, స్వరూపరాణి పెట్టిన ఫొటో లింకూ వేశాడు. 'జర అందరూ ఔను అని నొక్కండ్రి. మీ వదినె సంతోషపడ్తది' అని రాశాడు.

తెల్లారేసరికి నేల ఉసిరి ఖాయమైపోయింది. స్వరూపరాణి ఇల్లంతా తిరుగుతూ సేమియా పాయసం వండింది. గిన్నె అంచు దాకా పోసిచ్చి, "చూసినవా, నా మాట నిలవడ్డది!" అంది. కొండల్ పాయసం తాగుతూ, ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత మంచి బేరం చేయలేదనుకున్నాడు.

ఆ ఆనందం మర్నాటి సాయంత్రం దాకే. ఎల్‌బీ నగర్‌లో ఉండే సూర్యప్రభ అనే రిటైర్డ్ బోటనీ లెక్చరర్ ఆ ఫొటో కింద ఇలా రాశారు.

'స్వరూపరాణి గారూ, ఇందులో ఆకుల పైభాగమే కనబడుతోందండి. కాయలు చూడకుండా ఇది నేల ఉసిరేనని నేనైతే చెప్పలేను. ఇంతమంది ఎలా చెప్పారో మరి! మా పక్క ఏరియా కాబట్టి నేను చూశాను గానీ, ఖాయమైన వాటిని తెలిసినవాళ్లు మళ్లీ తీసి చూడరండి. అదే నా బాధ.'

స్వరూపరాణి ఔనన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివింది. తర్వాత అన్నం ముందు కూర్చున్న భర్తను అడిగింది.

"ఏమయ్యా, ఉపేంద్ర కర్టెన్స్‌కు నేల ఉసిరి ఎట్ల తెల్సు?"

కొండల్ చేతిలో ముద్ద ఆగింది. "పరదాల మీద ఆకులు, పూలు ఉంటయి గద" అన్నాడు.

ఆమె నవ్వలేదు. "సైదులు ఫుట్‌వేర్‌కు?"

"నీ మొఖం చూడలేకపోయిన రాణీ. నలుగురు ఒప్పుకుంటె నువ్వు ఖుషీ అయితవనుకున్న."

ఆమె వంగి అతని చొక్కా జేబులోంచి అయస్కాంతం తీసి కంచం పక్కన పెట్టింది.

"గిదెందుకు మోస్తున్నవ్? చూడకుండ ముద్ర కొట్టద్దనే గద. నా మొక్కకు మాత్రం చూడకుండనే కొట్టిపిచ్చినవ్. నేను తప్పు చెప్పిననుకో, ఎవలన్న కాదంటె నేర్చుకుంటుంటి. ఇప్పుడు కాదనేటోళ్లు గూడ రారు. సోమవారం ఆ ప్లాటుల సెల్లారు తవ్వుతరంట. మొక్క పోతది, నా పేరు మీద అబద్ధం మిగుల్తది."

కొండల్ కంచం పక్కకు జరిపాడు. నాసిరకం గిన్నె తన దుకాణంలోంచి పోయినా ఇంత సిగ్గుపడేవాడు కాదు.

మర్నాడు గల్లా వదిలి బజారంతా తిరిగాడు. చెప్పుల దుకాణం సైదులు ససేమిరా అన్నాడు.

"అమ్మిన మాల్ వాపస్ తీసుకోం కొండలన్నా. బోర్డు చూడలే?"

"బోర్డు నీ చెప్పులకు. ఫోన్ ఇటియ్యి ముందుగాల."

"వదినె తిట్టిందానే?" అడిగాడు పరదాల ఉపేంద్ర, తన ఔను చెరిపేస్తూ.

"తిట్టలే."

"అయితె కేసు పెద్దదే!"

పక్క దుకాణాలవాళ్లు కూడా నవ్వారు. కొండల్ ఆ నవ్వులన్నీ భరించి చివరి ఔను దాకా చెరిపించాడు. మొక్క మళ్లీ పేరు తేలాల్సిన వాటిలోకి వెళ్లింది.

ఆదివారం పొద్దున ఇద్దరూ ప్లాటుకు వెళ్లారు. ఆకుల అడుగున కాయలకు కాడ ఉందో లేదో చూపించమని సూర్యప్రభ గారు రాశారు. మొక్క జానెడు కూడా లేదు. స్వరూపరాణి మోకాళ్ల నొప్పితో అంత కిందికి వంగలేకపోయింది. వంగి తీసినా ఆకుల కింద చీకటి. కొండల్ సంచీలోంచి ఒక కొత్త కంచం తీశాడు. స్టిక్కరు కూడా ఊడదీయలేదు. ఇస్త్రీ ప్యాంటుతోనే మట్టిలో మోకాళ్లూని, మొక్క పక్కన కంచం వాల్చి ఎండను కిందినుంచి పైకి మళ్లించాడు. ఆకుల అడుగు తళుక్కుమంది. ఆవగింజలంత కాయలు వరసగా కనిపించాయి.

ఆమె ఫోన్ అతని చేతికిచ్చి, "నువ్వే తియ్యి. కాడ ఉన్నదా?" అంది.

"లేదు. కొమ్మకే అతుక్కున్నయి. నున్నగ లేవు, గరుగ్గ ఉన్నయి."

"నిజంగ చూసి చెప్తున్నవా, నా మొఖం చూసి చెప్తున్నవా?"

"నీ మొఖం ఏడ కనవడ్తదే? మట్టిల తల పెట్టిన."

అప్పుడు నవ్వింది ఆమె, మధ్యలో ఆగకుండా.

సాయంత్రానికి జవాబొచ్చింది. 'ఇది నేల ఉసిరి కాదండి, దాని దగ్గరి చుట్టం. కాయకి కాడ లేదు, పైన గరుకు ఉంది. ఈ చుట్టుపక్కల నేనింతవరకూ చూడలేదు. పొద్దున్నే, తవ్వకం మొదలవ్వకముందే వచ్చి చూడొచ్చా? ఫొటోలు చాలా బాగా తీశారు.' మొక్క అసలు పేరు కూడా రాశారు. కాసేపటికి మరొకాయన ఎక్కడినుంచో ఆ పేరే సరైందన్నాడు.

"నేను చెప్పింది తప్పయ్యా!" అని స్వరూపరాణి చిన్నపిల్లలా అరిచింది.

"తప్పయితె గింత సంబురమేందే?"

"అది తప్పని చూసి చెప్పిండ్రు గద! పొద్దున ఆమె ఒస్తదట. ఛాయ్ పెట్టాలె."

కొండల్ తన ఫోన్లో యాప్ తెరిచాడు. కొత్త పేరు కింద ఒప్పుకునే మీట కనిపించింది. వేలు దాని దాకా వెళ్లి ఆగింది.

"నొక్కు. నువ్వు చూసినవ్ గద" అంది స్వరూపరాణి.

అయినా అతను కళ్లజోడు పెట్టుకుని, ఫొటోలన్నీ పెద్దవి చేసి మళ్లీ చూసుకున్నాడు. కాడ లేదు. గరుకు ఉంది. అప్పుడు నొక్కాడు.

అంతలో వాట్సాప్ మోగింది. ఉపేంద్ర గ్రూపులో రాశాడు. 'అన్నా, కొత్త పేరొచ్చిందట. మేం గూడ నొక్కాల్నా?'

కొండల్ ప్యాంటుకు అంటిన మట్టి చూసుకుంటూ జవాబు రాశాడు. 'పొద్దుగాల రాండ్రి. ముందు మోకాళ్ల మీద కూసొని చూడాలె.'